చెప్పకుండా మార్చిన తీగ

హలో, అందరూ లైన్లో ఉన్నారా? నా గొంతు వినపడుతోందనే అనుకుని మొదలుపెడుతున్నా. పొయ్యి మీద ఏమైనా ఉంటే మంట తగ్గించి వచ్చి కూర్చోండి, కథ కొంచెం పొడుగు. నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాను. పదో తరగతి గట్టెక్కడమే గగనమైపోయింది. ఈ కథలో మాత్రం కంప్యూటర్ సంగతులు కాసిని వస్తాయి. కంగారుపడకండి. నా బుర్రకే ఎక్కాయంటే మీకు ఎక్కకపోవడం అంటూ ఉండదు.

లిఫ్టులకి కంట్రోలు బోర్డులు తయారుచేసే చిన్న కంపెనీ అది. రెండో అంతస్తులో ఒకటే పొడుగాటి హాలు. కిటికీ వైపు టంకం పెట్టే బల్లలు, గోడ వైపు కంప్యూటర్లు, మధ్యలో నిజం లిఫ్టు తలుపు ఒకటి. దాని వెనకాల లిఫ్టూ లేదు, గొయ్యీ లేదు. ఉత్త తలుపు, దాని చట్రం, పైన మోటారు, అంతే. కొత్తగా వచ్చినవాళ్ళు "ఇది ఎక్కడికి వెళ్తుందండీ?" అని అడుగుతారు. "ఎక్కడికీ వెళ్ళదు, నాలాగే," అంటాడు టంకం బావ.

టంకం బావ అన్నది పెట్టిన పేరు. ఇరవై రెండేళ్ళుగా ఆ కిటికీ పక్క బల్ల మీద టంకం పెడుతున్నవాడు. వెంట్రుకంత సన్నని తీగని వెంట్రుకంత సన్నని పిన్నుకి ఊపిరి బిగబట్టి అతికించగలడు. మొదటి పద్దెనిమిదేళ్ళూ అందరూ ఆయన్ని 'సార్' అనేవాళ్ళు. నాలుగేళ్ళ కిందట ఆయన భార్య తమ్ముడు అదే కంపెనీలో చేరాడు. మొదటిరోజే హాలు ఈ చివర నించి "బావా!" అని పిలిచాడు. నెల తిరిగేసరికి ఓనరమ్మ దగ్గర్నించి టీ తెచ్చే ఆవిడ దాకా అందరికీ ఆయన బావే అయిపోయాడు. సార్ పోయి బావ మిగిలాడు. ఆయన నవ్వుతూనే ఉన్నాడు గానీ, ఆ నవ్వు పళ్ళ దగ్గరే ఆగిపోయేది.

ఇప్పుడు కాస్త పని సంగతి వినండి. బోర్డు మీద మెయిన్ చిప్పు అంటే ఇంటి పెద్ద లాంటిది. అస్తమానం ప్రతి సెన్సర్నీ "నీకేమైనా కావాలా, నీకేమైనా కావాలా" అని అడుగుతూ కూర్చుంటే దానికి వేరే పని సాగదు. అందుకని ఎవరికి అవసరమైతే వాళ్ళే పిలవాలి. పనిలో ఉన్నవాణ్ణి భుజం తట్టి "ఇటు చూడు" అన్నట్టు. దాన్నే ఇంటరప్ట్ అంటారు. అయితే ఏ పిలుపు ఏ పిన్నులోంచి వస్తుందో, ముందు ఎవరి చెవిన పడాలో, ఎవరి ద్వారా పెద్దదాకా పోవాలో చిప్పుకి పుట్టుకతో తెలియదు. ఒక ఫైల్లో రాసిపెట్టాలి. దాన్ని డివైస్ ట్రీ అంటారు. నన్నడిగితే అది బోర్డు వంశవృక్షం. ఫలానా సెన్సరు ఫలానా వాడి బిడ్డ, గోల పెట్టాలంటే వాడి దగ్గరే పెట్టాలి, వాడు వాళ్ళ పెద్దకి చెప్పాలి. మన ఇళ్ళల్లో పిల్లకి బొమ్మ కావాలంటే ముందు అమ్మమ్మ కొంగు పట్టుకుంటుంది, అమ్మమ్మ అమ్మకి చెబుతుంది, అమ్మ నాన్న దగ్గరికి వెళ్తుంది. అచ్చం అదే. ఆ ఫైల్లో పిన్ను నెంబరు ఒక్కటి తప్పు పడిందో, సెన్సరు గొంతు చించుకున్నా వినే నాథుడుండడు.

ఆ ఫైలు రాసేది బావమరిది. తీగలు కలిపేది టంకం బావ. ఇద్దరి మధ్యా ఒక పద్ధతి ఉండేది. బోర్డు మీద ఏదైనా పిన్ను పాడై తీగని ఇంకో పిన్నుకి మార్చాల్సి వస్తే, టంకం బావ బల్ల దగ్గర్నించే అరిచి చెబుతాడు: "ఒరేయ్, ఏడు నించి పదకొండుకి!" అవతల బావమరిది టకటకా కొట్టుకుని "పదకొండు, సరే బావా!" అని తిరిగి అరుస్తాడు. అంతే. కాయితం లేదు, సంతకం లేదు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా తేడా రాలేదు.

అసలు ఆ కుర్రాడు పదమూడో ఏట నించి అక్కాబావల ఇంట్లోనే పెరిగాడు. టంకం కడ్డీ ఎలా పట్టుకోవాలో నేర్పింది బావే. పొగకి కళ్ళు మండి ఏడిస్తే, "ఏడవకురా, ఉల్లిపాయలు తరుగుతున్నావనుకో" అని నవ్వించిందీ బావే. వాడు పైకి రావాలని కోరుకున్నాడు, అబద్ధం ఎందుకు. కానీ తన తలకంటే పైకి వస్తాడని అనుకోలేదు. అక్కడే వచ్చింది చిక్కు.

కిందటి ఏడాది టచ్ స్క్రీన్ ఒకటి మొరాయించింది. ఒకసారి ముట్టుకుంటే పనిచేసేది, రెండోసారి పలికేది కాదు. టంకం బావ మూడురోజులు మీటరు పట్టుకుని ప్రతి తీగనీ తడిమాడు. మెడ పట్టేసింది. నాలుగోరోజు పొద్దున్న బావమరిది చేతిలో టీ గ్లాసుతో వచ్చి, ఫైల్లో ఒకే ఒక్క మాట మార్చాడు. పిలుపు మొదలైన క్షణాన్ని మాత్రమే పట్టుకోమని ఉన్నదాన్ని, పిలుస్తున్నంతసేపూ వినమని మార్చాడు. స్క్రీను గుర్రంలా పరిగెత్తింది. అందరూ చప్పట్లు కొట్టారు. "మీ బావమరిది చెయ్యి పడితే చాలు బావగారూ," అంది ఓనరమ్మ. టంకం బావ కూడా చప్పట్లు కొట్టాడు. కొడుతూ తన చేతుల వైపు చూసుకున్నాడు. వేళ్ళ చివర కాలిన మచ్చలు. అవతలివాడి వేళ్ళు చూస్తే పెళ్ళికొడుకు వేళ్ళలా ఉన్నాయి.

ఇంట్లో అయినా ఊరట ఉందా? నీళ్ళ మోటారు ఆగిపోతే ఆయన భార్య, పక్కనే మొగుడు కూర్చుని ఉండగా, ఫోను తీసి "తమ్ముడూ, ఒకసారి రారా" అనేది.

"నేనున్నానుగా ఇక్కడ," అన్నాడొకసారి.

"మీరు విప్పితే ఆదివారం దాకా బిగించరు. వాడైతే చిటికెలో చేస్తాడు."

"ఆ చిటికె వెయ్యడం నేర్పింది ఎవరు?"

"అబ్బ, నేర్పారు లెండి. ఎన్నిసార్లు చెబుతారు?"

కూతురు కాలేజీ ఎంచుకోవాల్సి వస్తే ముందు మావయ్యకి ఫోను చేసింది. నాన్నకి ఆ కబురు భోజనాల దగ్గర, చారు కలుపుకునేటప్పుడు తెలిసింది. తన ఇంటి ఫైల్లో ఎవరో తన నెంబరు కొట్టేసి, బావమరిది నెంబరు రాసేసినట్టు ఉండేది ఆయనకి. ఎవరికి ఏం కావాలన్నా పిలుపు ముందు అక్కడికే. అక్కడ పని అయిపోతే ఇక్కడిదాకా రాదు.

ఒక బుధవారం నాడు ఓనరమ్మ అందర్నీ పిలిచి, ఒక పెద్ద ఆసుపత్రికి నలభై తలుపుల బోర్డులు వెళ్ళాలనీ, ఆ పనంతటికీ బావమరిదే పెద్ద అనీ చెప్పింది. ఇకనించి టంకం బల్లలు కూడా వాడి కిందకే వస్తాయంది. వాడు సిగ్గుపడుతూ లేచి నిలబడ్డాడు. "బావ ఉండగా నేనేంటండీ," అన్నాడు.

ఆ మాట విని టంకం బావకి ఒళ్ళు మండిపోయింది. వాడు గర్వంగా ఉన్నా భరించేవాడేమో, ఆ వినయం మాత్రం గొంతు దిగలేదు.

గురువారం మధ్యాహ్నం. ఆసుపత్రి పనికి మొదటి బోర్డు బల్ల మీద ఉంది. తలుపుల మధ్య కాంతి గీత ఒకటి ఉంటుంది. దానికి ఏదైనా అడ్డం వస్తే సెన్సరు చిప్పుని పిలుస్తుంది, చిప్పు తలుపుని ఆపి వెనక్కి లాగుతుంది. ఆ సెన్సరు తీగ పద్నాలుగో పిన్నుకి ఉండాలి. అతికిస్తూ ఉండగా పద్నాలుగో పిన్ను కింద రాగిరేకు లేచి వచ్చేసింది. ఇలాంటివి మామూలే. నీలం తీగ ఒకటి తీసుకుని ఇరవై రెండో పిన్నుకి మార్చాడు. పని ముత్యంలా వచ్చింది. అరవడానికి నోరు తెరిచాడు.

గోడ వైపు చూశాడు. ఓనరమ్మ బావమరిది కుర్చీ వెనకాల నిలబడి, తెర మీద ఏదో చూసి మురిసిపోతోంది. తయారైన బోర్డుల్ని పరీక్షించే టెస్టింగ్ అమ్మాయి నోట్సు రాసుకుంటోంది. తనవైపు అన్నీ వీపులే, ఒక్క మొహమూ లేదు.

తెరిచిన నోరు మూసుకున్నాడు. 'ఇప్పుడు పనికి పెద్ద వాడే కదా, వచ్చి అడుగుతాడులే. అడగకపోతే రేపు పరీక్షలో తలుపు వెనక్కి రాదు. అందరి ముందూ తెల్లమొహం వేస్తాడు. అప్పుడు నేను వెళ్ళి ఇరవై రెండు అంటాను.' అంతే అనుకున్నాడు. అంతకుమించి ఆయన మనసులో ఏ పాపమూ లేదు. ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

శుక్రవారం పదకొండు గంటలకి తలుపు పరీక్ష. టెస్టింగ్ అమ్మాయి ఖాళీ అట్టపెట్టె తెచ్చి తలుపుల మధ్య పెట్టింది. బావమరిది మీట నొక్కాడు. మోటారు గుర్రుమంది, తలుపు కదిలింది. టంకం బావ చేతులు కట్టుకుని, పెట్టె నలగడం చూద్దామని బల్లకి చేరగిలబడ్డాడు.

తలుపు ఆగింది. వెనక్కి వెళ్ళిపోయింది.

ఆయనకి నమ్మకం కుదరలేదు. తీగ అక్కడ లేదు కదా! రెండోసారీ వెనక్కే వెళ్ళింది, మూడోసారీ వెళ్ళింది. "ఇంటరప్ట్ లెక్క పెరుగుతోందా?" అని అమ్మాయి అడిగింది. "చకచకా పెరుగుతోంది," అన్నాడు బావమరిది తెర చూస్తూ.

టంకం బావ నెమ్మదిగా వెళ్ళి వాడి భుజం మీదుగా తెరలోకి తొంగిచూశాడు. ఏ పిలుపు ఎన్నిసార్లు వచ్చిందో వరసగా అంకెలు. పద్నాలుగో పిన్ను అంకె పెరుగుతూనే ఉంది. మధ్యలో పెట్టె లేనప్పుడు కూడా పెరుగుతోంది. మోటారు తిరిగినప్పుడు గబగబా, ఆగితే నింపాదిగా. ఆయనకి అప్పుడు వెలిగింది. గాలిలో వేలాడుతున్న పిన్ను అది. పక్కనే పోతున్న మోటారు తీగల రొదకి ఉలిక్కిపడి ఊరికే పిలుస్తోంది. వాకిట్లో గాలికి గొళ్ళెం కొట్టుకుంటే ఎవరో వచ్చారని లేచి తలుపు తీసినట్టు. మూడుసార్లు అదృష్టం, అంతే. నాలుగోసారి ఎప్పుడు పిలుస్తుందో, అసలు పిలుస్తుందో లేదో ఆ దేవుడికే ఎరుక.

బావమరిది మాత్రం అంకె పెరుగుతోందా లేదా అన్నంతవరకే చూశాడు. ఎందుకు పెరుగుతోందని చూడలేదు. బావ తీగ కలిపితే తప్పుండదని నాలుగేళ్ళ అలవాటు వాడిది.

"అద్భుతం!" అంది ఓనరమ్మ. "చూశారా బావగారూ, మొదటి రోజే ఎలా చేశాడో!"

'చెప్పు' అంది ఒక మనసు. 'ఇప్పుడు చెబితే నిన్న ఎందుకు చెప్పలేదంటారు' అంది ఇంకో మనసు. ఆ రెంటి మధ్యా ఉండగానే ఓనరమ్మ చెయ్యి చూపించి, "ఇంక కానీ నాన్నా," అంది.

ఆ కంపెనీలో ఒక ఆచారం ఉంది. ఏ తలుపైనా గడప దాటి బయటికి పోవాలంటే, ఆ ఫైలు రాసినవాళ్ళు తమ చెయ్యి తలుపుల మధ్య పెట్టాలి. "మన చెయ్యి పెట్టలేని తలుపుని ఇంకొకరి ఇంటికి ఎలా పంపుతాం?" అనేది ఓనరమ్మ మాట. కంపెనీ పెట్టిన కొత్తలో ఆవిడే పెట్టేది. ఆ తలుపు రేకు బరువు చూస్తే, చెయ్యి ఉంచాలంటేనే గుండె జల్లుమంటుంది. అందులోనూ ఈ మోటారు కొత్తది, దానికి బలం తగ్గించే సర్దుబాటు ఇంకా చెయ్యలేదు.

బావమరిది వాచీ తీసి టెస్టింగ్ అమ్మాయికి ఇచ్చాడు. చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచాడు.

"భయంగా ఉందా అన్నా?" అంది అమ్మాయి.

"తీగ కలిపింది మా బావ. భయమెందుకు?" అని కుడిచెయ్యి తలుపుల మధ్య నిటారుగా పెట్టాడు. అన్నం తినే చెయ్యి. పదమూడో ఏట పొగకి ఏడుస్తూ టంకం కడ్డీ పట్టుకున్న చెయ్యి.

"నొక్కమ్మా," అన్నాడు.

టంకం బావ కాళ్ళు ముందు కదిలాయో, నోరు ముందు కదిలిందో ఆయనకే తెలియదు. "వద్దురా! తియ్యి! చెయ్యి తియ్యి!" అని అరుస్తూ వెళ్ళి, వాడి రెక్క పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. ఇద్దరూ పక్కనున్న బల్ల మీద పడ్డారు. అమ్మాయి అప్పటికే మీట నొక్కేసింది. వాళ్ళ వెనకాల తలుపు గుర్రుమంటూ వచ్చి, ఎక్కడా ఆగకుండా, ఎవరినీ అడక్కుండా, ధన్ మని మూసుకుంది. బల్ల మీద మేకుల డబ్బా గలగలమంది.

టెస్టింగ్ అమ్మాయి మీట మీంచి చెయ్యి తీసేసింది.

"ఏమైంది బావా? ఎందుకు లాగావు?" అన్నాడు బావమరిది. వాడి మొహంలో నెత్తురు లేదు.

"తీగ ఇరవై రెండులో ఉంది."

"ఎప్పట్నించి?"

"నిన్న మధ్యాహ్నం నించి."

"మరి చెప్పలేదేం? నువ్వు అరుస్తావుగా ఎప్పుడూ?"

మరిచిపోయానని అనచ్చు. ఎవరైనా నమ్ముతారు, యాభై ఏళ్ళ మనిషి. నాలిక చివర దాకా వచ్చింది ఆ మాట. వాడు ఆ కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని నిమురుకుంటున్నాడు. అది చూశాక అబద్ధం పైకి రాలేదు.

"కావాలనే చెప్పలేదు," అన్నాడు. "నువ్వు అందరి ముందూ తలదించుకుంటే చూడాలనిపించింది. చెయ్యి దాకా వస్తుందనుకోలేదురా. పెట్టె దగ్గరే దొరికిపోతావనుకున్నా."

"ఎందుకు?"

"ఎందుకేంట్రా, అసూయ! నీ అక్క నిన్ను పిలుస్తుంది, నా కూతురు నిన్ను పిలుస్తుంది, ఈవిడ నిన్నే పిలుస్తుంది. నేనున్నానని ఎవరికీ గుర్తులేదు. కుళ్ళిపోయాను. చాలా?"

టెస్టింగ్ అమ్మాయి కళ్ళు దించుకుంది. బావమరిది బల్ల మీంచి లేచాడు. తరవాత కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి పద్నాలుగు చెరిపి ఇరవై రెండు కొట్టాడు.

"ఇంకెక్కడైనా మార్చారా మీరు?" అన్నాడు, తల తిప్పకుండా.

మీరు! ఇరవై ఏళ్ళుగా 'నువ్వు, బావా' అన్న నోటితో మీరు అన్నాడు. చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు ఆయనకి.

"లేదు. అదొక్కటే."

"సరే. అయిపోయింది. ఫైలు ఎక్కించాను." మళ్ళీ చొక్కా చెయ్యి మడవబోయాడు.

"నువ్వు ఆగు," అని టంకం బావ వెళ్ళి తన చెయ్యి పెట్టాడు. కుడిచెయ్యే, ఆ కాలిన మచ్చలదే. "నెంబరు నువ్వు రాశావు. మీట కూడా నువ్వే నొక్కు."

ఓనరమ్మ అడ్డురాలేదు. బావమరిది మీట మీద వేలు పెట్టి బావ వైపు చూశాడు. ఆ చూపులో ప్రేమా లేదు, పగా లేదు. ఫైల్లో తాను కొట్టిన అంకెని ఇంకోసారి తెర మీద సరిచూసుకున్నాడు. తరవాత నొక్కాడు.

మోటారు గుర్రుమంది. తలుపు వచ్చింది. బెత్తెడు దూరంలో ఉండగా టంకం బావ కళ్ళు మూసుకున్నాడు. రేకు మీంచి వచ్చిన గాలి వేళ్ళకి తగిలింది. తలుపు ఆగింది, వెనక్కి వెళ్ళింది. తెర మీద ఇరవై రెండో పిన్ను దగ్గర సున్నా పోయి ఒకటి పడింది. ఒక్కటే. కావలసినప్పుడు, ఒక్కసారి.

"పనిచేస్తోంది," అన్నాడు బావమరిది. వాచీ తీసుకుని పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భార్యకి ఏమీ తెలియదు. తమ్ముడు చెప్పలేదన్నమాట. అది ఇంకా కష్టమైంది. చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడి మొత్తం చెప్పేశాడు. ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"వాడి చెయ్యి పోయుంటే?" అంది.

"పోయుండేది."

ఆవిడ కంచంలో అన్నం పెట్టి, పక్కగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. మూడురోజులు ఆ ఇంట్లో గిన్నెల చప్పుడే తప్ప మాట లేదు. నాలుగోరోజు, "నీళ్ళ మోటారు మళ్ళీ ఆగింది. మీరే చూడండి. వాణ్ణి పిలవడానికి నాకు మొహం చెల్లడం లేదు," అంది. ఎన్నాళ్ళ నించో ఎదురుచూసిన పిలుపు అది. అది ఇలా వచ్చింది. మోటారు విప్పి, ఆ పూటే బిగించేశాడు.

అసూయ పోయిందా అంటే పోలేదండీ. నలభై బోర్డులూ బావమరిది చేతి కిందే వెళ్ళాయి, చప్పట్లు కొట్టినప్పుడల్లా ఆయనకి లోపల చురుక్కుమంటూనే ఉంది. వాడు ఇప్పటికీ 'మీరు' అనే అంటున్నాడు. కానీ తీగ మారిస్తే మాత్రం ఆయన బల్ల దగ్గర కూర్చుని అరవడం లేదు. లేచి, హాలంతా నడిచి, వాడి కుర్చీ పక్కన నిలబడి, "తొమ్మిది నించి పదహారుకి మార్చానయ్యా" అంటాడు. వాడు అంకె కొట్టి, తెర ఆయన వైపు తిప్పుతాడు. ఆయన కళ్ళజోడు పైకి జరుపుకుని చదువుతాడు. చదివాకే వెనక్కి వెళ్తాడు.

ఇదీ కథ. మీ ఇంట్లోనో, మీ ఆఫీసులోనో ఎవరి మీదైనా కడుపుమంటతో ఒక చిన్నమాట దాచుకుని కూర్చున్నవాళ్ళు ఉండే ఉంటారు. నాకు తెలిసినవాళ్ళే ఇద్దరున్నారు. పేర్లు చెప్పను, వాళ్ళూ ఇది వింటారు. మీకూ ఎవరైనా గుర్తొస్తే, ఏమీ అనకుండా ఈ కథ వాళ్ళకి పంపించెయ్యండి. మీరే గుర్తొస్తే, ముందు ఆ మాట చెప్పాల్సినవాళ్ళకి చెప్పేసి, తరవాత ఇంకొకరికి పంపండి. ఉంటానండీ.